పని నేర్పే రాత: పనిముట్ల ఎంపికపై ఒక మీమాంస

సాఫ్ట్‌వేర్ వాడకాన్ని సిబ్బందికి నేర్పే గైడ్లు, ట్రైనింగ్ పాఠాలు తయారుచేసే పనిముట్లకు ఇవాళ కొదవ లేదు. స్క్రీన్‌షాట్లు తీసి బాణం గుర్తులు పెట్టేవి కొన్ని. క్లిక్కుల వెంట నడిచి వాటిని మెట్లుగా రాసిపెట్టేవి కొన్ని. వీడియో తీసేవి, క్విజ్‌లు కట్టేవి, పని జరుగుతున్న స్క్రీన్ మీదే సూచన చూపించేవి మరికొన్ని. ఏది కొనాలన్నది ధరల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని తేల్చుకునే సంగతిలా కనిపిస్తుంది. కానీ దాని అడుగున తత్వశాస్త్రం చాలాకాలంగా తర్కిస్తూ వచ్చిన ప్రశ్న ఉంది. పని చేయగలగడం అనే జ్ఞానం మాటల్లోకి ఎంతవరకు వస్తుంది? ఆ మాటలు చదివినవాడికి పని చేతనవుతుందా? ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చుకోకుండా కొన్న పనిముట్టు ఎంత ఖరీదైనదైనా అది గుడ్డి ఎంపికే.

ప్లేటో రాసిన 'ఫీడ్రస్' సంభాషణలో సోక్రటీస్ ఒక ఈజిప్టు కథ చెబుతాడు. థ్యూత్ అనే దేవుడు అక్షరాలను కనిపెట్టి, వీటితో మనుషుల జ్ఞాపకశక్తి పెరుగుతుందని థామూస్ రాజుకు చూపిస్తాడు. రాజు ఒప్పుకోడు. రాత గుర్తుచేయడానికి పనికొస్తుందే తప్ప నేర్పలేదనీ, చదివినవాళ్లు తెలియకపోయినా తెలిసినట్టు భ్రమపడతారనీ అంటాడు. ఆ తర్వాత సోక్రటీస్ రాత మీద మోపే అభియోగం ట్రైనింగ్ పాఠాలకు సూటిగా తగులుతుంది. రాతను ఏమడిగినా ముందు చెప్పిన మాటే మళ్లీ చెబుతుంది. చదివేవాడెవరో, ఎక్కడ ఆగిపోయాడో దానికి పట్టదు.

ఇదే చిక్కును 1945లో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త గిల్బర్ట్ రైల్ మరో వైపు నుంచి పట్టుకున్నాడు. ఒక సంగతి తెలిసి ఉండడం వేరు, ఒక పని చేయడం తెలిసి ఉండడం వేరు అన్నాడు. తెలివిగా పని చేయాలంటే ముందుగా ఒక నియమాన్ని తలచుకోవాలనుకుందాం. అక్కడ ఏ నియమం వర్తిస్తుందో ఎంచుకోవడం కూడా తెలివిగా చేయవలసిన పనే. దానికి మరో నియమం కావాలి, దానికి ఇంకొకటి. మన తార్కికులు అనవస్థ అనే దోషం ఇదే. కాబట్టి ఎంత లావు మాన్యువల్ రాసినా, దాన్ని సందర్భానికి తగ్గట్టు వాడుకునే నేర్పు ఆ మాన్యువల్ బయటే మిగిలిపోతుంది. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త హారీ కాలిన్స్ దీన్ని ప్రయోగశాలల్లో గమనించాడు. టీఈఏ లేజర్ అనే పరికరాన్ని కట్టబోయిన బృందాల్లో, అచ్చయిన పత్రాలు మాత్రమే చదివి దాన్ని పనిచేయించగలిగినది ఒక్కటీ లేదని 1974లో రాశాడు. నెగ్గినవాళ్లందరికీ అంతకుముందే దాన్ని కట్టినవాళ్లతో పరిచయమో రాకపోకలో ఉన్నాయి. కార్మిక సంఘాలకు ఈ సత్యం అనుభవంలో ఉన్నదే. రూల్‌బుక్‌ను అక్షరం తప్పకుండా పాటించడమే నిరసనగా మారితే, 'వర్క్ టు రూల్' అనే ఆ పద్ధతిలో, పని మందగిస్తుంది. నియమానికీ నియమానికీ మధ్య ఉన్న ఖాళీలను మనుషులు రోజూ తమ వివేకంతో పూడుస్తున్నారన్న సంగతి అప్పుడు బయటపడుతుంది.

అంతమాత్రాన రాత దండగ అనుకోనక్కరలేదు. అది ఏమి మోయగలదో, ఏ వరుసలో మోయాలో తెలియాలి. ఈ విషయంలో, వేదవాక్యాల అర్థాన్ని విచారించే పూర్వమీమాంస దర్శనం చేసిన కృషికి సాటి అరుదు. జైమిని సూత్రాల 12 అధ్యాయాలు, వాటిపై శబరస్వామి భాష్యం, కుమారిల భట్టు వ్యాఖ్యలు ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: 'ఈ కర్మ చేయి' అనే వాక్యం మనిషి చేత సరిగ్గా ఆ కర్మనే ఎలా చేయిస్తుంది? యజ్ఞఫలం మీద నమ్మకం ఉన్నవారికీ లేనివారికీ ఈ విచారణ ఒకేలా పనికొస్తుంది. పని చెప్పే వాక్యాలను ఇంత ఓపికగా విప్పి చూసినవారు ట్రైనింగ్ రంగంలో ఇంకా కనిపించరు.

విధివాక్యం వినగానే మూడు ఆకాంక్షలు పుడతాయంటారు మీమాంసకులు. దేన్ని సాధించాలి, దేనితో సాధించాలి, ఎలా సాధించాలి. మొదటిది సాధ్యం, రెండోది సాధనం, మూడోది ఇతికర్తవ్యత. స్వర్గం సాధ్యమైతే యాగం సాధనం. ప్రయాజాల వంటి అంగకర్మలు ఇతికర్తవ్యత. 'ఎలా' అన్నది మూడో స్థానంలో ఉంది. మొదటి రెండూ కుదిరాకే దానికి అర్థం.

సాఫ్ట్‌వేర్ గైడ్లు తరచుగా ఆ మూడోదానితోనే మొదలై, దానితోనే ముగిసిపోతాయి. స్క్రైబ్, ట్యాంగో వంటి పనిముట్లు పని చేస్తున్నవాడి ప్రతి క్లిక్కునూ పట్టుకుని, స్క్రీన్‌షాట్ తీసి, వరుస సంఖ్య వేసి, నిమిషాల్లో గైడ్ చేతికిస్తాయి. గంటల తరబడి స్క్రీన్‌షాట్లు అతికించుకున్నవారికి ఇది పెద్ద ఊరట, అందులో సందేహం లేదు. అయితే వాటిలో క్లిక్కు నమోదవుతుంది, దాని వెనకున్న కారణం నమోదు కాదు. జీతాల సాఫ్ట్‌వేర్‌లో నెలాఖరున 'లాక్' బటన్ నొక్కాలని గైడ్ చెబుతుంది. లాక్ అయ్యాక హాజరులో మార్పులు చేయడం కుదరదు కాబట్టి సవరణలన్నీ ముగిశాకే నొక్కాలన్న సంగతి ఆ చిత్రంలో ఉండదు. కారణం తెలిసిన గుమాస్తా బటన్ చోటు మారినా వెతుక్కుంటాడు. తెలియనివాడు స్క్రీన్ రంగు మారినా ఆగిపోతాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం నడిపిన 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' కార్యక్రమం (1940–45) పనిని ముఖ్యమైన మెట్లుగా విడగొట్టించి, ఒక్కో మెట్టు పక్కన అక్కడి కీలకాంశాన్ని రాయించింది. తర్వాత ఆ పద్ధతిని వాడినవాళ్లు కారణం కోసం మూడో గడి చేర్చారు. పనిముట్టును పరీక్షించేటప్పుడు చూడవలసిన మొదటి సంగతి ఇదే: మెట్టు పక్కన కారణం రాసుకునే చోటు అందులో ఉందా, లేక చిత్రం కింద ఒక్క పంక్తితో సరిపెట్టుకోమంటుందా?

క్రమం సంగతి ఇంకా సూక్ష్మమైనది. జైమిని ఐదో అధ్యాయం దానికే కేటాయించాడు. కర్మల వరుసను తేల్చడానికి శ్రుతి, అర్థం, పాఠం, స్థానం, ముఖ్యం, ప్రవృత్తి అని ఆరు ప్రమాణాలు. వీటిలో ముందున్నది వెనకదానికన్నా బలమైనది. అర్థం పాఠాన్ని ఎలా దాటుతుందో చెప్పడానికి ఇచ్చే ఉదాహరణ ప్రసిద్ధం. వేదపాఠంలో అగ్నిహోత్ర హోమం ముందు, జావ వండడం తర్వాత వస్తాయి. కానీ జావ వండేది హోమం కోసమే. అందుకే చదివే వరుస ఏదైనా చేసే వరుసలో వంటే ముందు. ప్రయోజనం తెలిసినవాడు మాత్రమే పాఠాన్ని ఇలా దిద్దుకోగలడు. క్లిక్కులను పట్టే యంత్రానికి పాఠక్రమం ఒక్కటే తెలుసు. రికార్డు చేసినవాడు అలవాటు కొద్దీ తెరిచి మూసిన మెనూ కూడా అందులో ఒక మెట్టైపోతుంది. పట్టిన మెట్లను తర్వాత తీసేయడానికి, కలపడానికి, ముందుకూ వెనక్కూ జరపడానికి వీల్లేని పనిముట్టును ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

అదే అధ్యాయంలో మరో చర్చ ఉంది. వాజపేయ యాగంలో ప్రజాపతికి 17 పశువులు. ఒక సంస్కారాన్ని పదిహేడింటికీ వరుసగా చేసి రెండో సంస్కారానికి రావాలా, లేక ఒక పశువుకు అన్నీ ముగించి రెండోదాని దగ్గరికి వెళ్లాలా? మొదటి పద్ధతి పదార్థానుసమయం, రెండోది కాండానుసమయం. కొన్ని వందల మంది ఉద్యోగుల వివరాలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే గుమాస్తా ఎదుట సరిగ్గా ఈ ప్రశ్నే నిలుస్తుంది. అందరి పేర్లూ ఎక్కించి, తర్వాత అందరి బ్యాంకు ఖాతాలకు రావాలా, ఒక్కొక్కరినీ పూర్తి చేసుకుంటూ పోవాలా? ఒక్క ఉద్యోగి వివరాలు నింపి చూపించే వీడియోలో దీనికి జవాబు దొరకదు. ఇటువంటి చోట వాక్యం కావాలి, చిత్రం చాలదు.

ఎవరు చేయాలన్నది ఆరో అధ్యాయంలోని అధికార విచారణ. ఒకే సాఫ్ట్‌వేర్‌లో గుమాస్తాకు కనిపించే బటన్లు వేరు, మంజూరు చేసే అధికారికి కనిపించేవి వేరు. ఇద్దరికీ ఒకే గైడ్ ఇస్తే ఒకరు తమకు లేని బటన్ కోసం వెతుకుతూ కూర్చుంటారు. ఇద్దరికీ విడివిడిగా రాస్తే, రేపు ఒక మార్పు వచ్చినప్పుడు ఒకదాన్ని దిద్ది రెండోదాన్ని మరచిపోతారు.

ఈ ఇరకాటానికి మీమాంసలో ఉన్న పరిష్కారం అతిదేశం. 7, 8 అధ్యాయాలు దాన్ని చర్చిస్తాయి. అమావాస్యకూ పౌర్ణమికీ చేసే దర్శపూర్ణమాసాలు ఇష్టులనే యాగాలన్నిటికీ ప్రకృతి, అంటే మూల నమూనా. అంగాలన్నీ అక్కడ నిండుగా చెబుతారు. దాని వికృతులైన ఇష్టుల దగ్గర తేడాలు మాత్రమే చెప్పి, మిగిలింది ప్రకృతిలో మాదిరే చేసుకోమంటారు. దేవత మారితే మంత్రంలో పేరు మార్చుకోవడం ఊహ, అది తొమ్మిదో అధ్యాయం. ప్రకృతిలో ఉన్న అంగం వికృతిలో అక్కరలేకపోతే విడిచిపెట్టడం బాధ, అది పదో అధ్యాయం. ధాన్యానికి బదులు కృష్ణలాలనే బంగారు తునకలతో చరువు అనే హవిస్సు చేసేటప్పుడు దంచడం ఉండదు. దంచేది పొట్టు పోవడానికి. బంగారానికి పొట్టు లేదు. ఏది విడిచిపెట్టవచ్చో ఇక్కడా ప్రయోజనమే తేల్చింది.

ఐబీఎంలో పుట్టి 2005లో ఒయాసిస్ సంస్థ ప్రమాణంగా వెలువడిన డిటా పద్ధతి ఈ దారిలోనే నడుస్తుంది. ఒక విషయాన్ని ఒక్కచోటే రాసి, కావలసిన చోటల్లా దాన్ని పిలుచుకోవడం, పాత్రను బట్టి కొన్ని పేరాలను చూపడం, దాచడం దాని స్వభావం. ఆక్సిజన్ ఎక్స్‌ఎంఎల్, ఫ్రేమ్‌మేకర్ డిటాకు పనికొస్తాయి. మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్ తన పద్ధతిలో ఇదే సౌకర్యం ఇస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్ పలు శాఖల్లో, పలు వెర్షన్లలో, పలు భాషల్లో నడిచే సంస్థకు ఇవి పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తాయి. పదో పదిహేనో గైడ్లు చాలే చిన్న ఆఫీసు వీటి జోలికి వెళ్లనక్కరలేదు. అక్కడ పనిముట్టు నేర్చుకోవడమే గైడ్ రాయడం కన్నా పెద్ద పనవుతుంది. మార్పుల చరిత్ర దాచిపెట్టే మామూలు వికీ వాళ్లకు సరిపోతుంది.

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యతలతో పాటు సన్నిధి కూడా ఉండాలంటారు మన శాస్త్రకారులు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఎక్కువైతే అర్థం తెగిపోతుంది. గైడ్‌కూ పనికీ మధ్య ఎడం విషయంలోనూ ఇది నిజమే. ఐబీఎం పరిశోధనాకేంద్రంలో జాన్ కారల్ చేసిన అధ్యయనాల్లో, కొత్తవాళ్లు మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రారని, నేరుగా పనిలోకి దూకుతారని తేలింది. 1990లో వచ్చిన 'ది న్యూర్న్‌బర్గ్ ఫనెల్' పుస్తకంలో ఆయన వాదన, మాన్యువల్ పొట్టిగా ఉండి పొరపాటు జరిగిన చోట చేయి అందించాలని. వాక్‌మీ, బెంగళూరులో మొదలైన వాట్‌ఫిక్స్ వంటివి సూచనను స్క్రీన్ మీదికే తెచ్చి ఆ సన్నిధిని కల్పిస్తాయి. సంవత్సరానికోసారి చేసే పనికి ఇవి చక్కగా ఉపకరిస్తాయి. రోజూ చేసే పనికి మాత్రం ఇవి తగవు. అడుగడుగునా వేలు పట్టుకుని నడిపిస్తే పని పూర్తవుతుంది, నేర్చుకోవడం జరగదు. ఆ లైసెన్స్ పొడిగించని నాడు ఆఫీసంతా మళ్లీ మొదటికొస్తుంది.

గైడ్‌ను ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నకు న్యాయదర్శనం జవాబిస్తుంది. వాత్స్యాయనుడి భాష్యం ప్రకారం ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినది ఎరిగినట్టు ఇతరులకు చెప్పాలనే కోరిక ఉన్నవాడు. ఆప్తుడి మాటే ప్రమాణం. పేరూ తేదీ లేని గైడ్‌కు ఆ ప్రామాణ్యం ఎక్కడినుంచీ రాదు. ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు, ఏ వెర్షన్‌కు రాశారు అన్నవి ప్రతి పేజీ మీదా తమంతట తాము కనిపించేలా చేసే పనిముట్టు ఎంతో విలువైనది. పని చేసేవాడే గైడ్‌ను సరిదిద్దగలిగితే ఇంకా మేలు. సరిదిద్దే హక్కు ఒక్క ట్రైనింగ్ విభాగానికే ఉన్నచోట తప్పులు నెలల తరబడి అలాగే ఉండిపోతాయి.

వీడియో విషయంలో మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఐఐటీ బొంబాయిలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు, ఉచిత సాఫ్ట్‌వేర్లను దాదాపు పది నిమిషాల పాఠాలుగా విడగొట్టి నేర్పుతుంది. నేర్చుకునేవాడు స్క్రీన్‌లో ఒక సగాన పాఠం, మరో సగాన సాఫ్ట్‌వేర్ పెట్టుకుని వింటూనే చేసుకుంటూ పోవాలి. బొమ్మను అలాగే ఉంచి మాటను మాత్రం తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి మారుస్తారు. ఏ మాట ఏ క్షణాన పలకాలో సమయంతో సహా స్క్రిప్టులో ఉంటుంది కాబట్టి అది సాధ్యమైంది. అంతకన్నా మెచ్చుకోవలసినది మరొకటి: రికార్డింగ్‌కు ముందే, ఆ విషయం తెలియని ఒక కొత్తవాడి చేత స్క్రిప్టును చేయించి చూస్తారు. వాళ్లు ముందు స్క్రిప్టును నమ్ముకున్నారు, కెమెరాను తర్వాత. వీడియో పనిముట్టుకు ఎగబడే సంస్థలు ఇక్కడే పొరబడతాయి. స్క్రిప్టు లేని వీడియోను దిద్దలేం, వెతకలేం, మరో భాషలోకి తేలేం. సాఫ్ట్‌వేర్ మారిన మర్నాడు మొత్తం మళ్లీ తీయాలి.

తెలుగులో గైడ్లు రాసేవారికి ఇంకో పరీక్ష తప్పదు. తెలుగు ప్రచురణరంగం ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌తో, అను ఫాంట్లతో నడిచింది. ఆ పద్ధతిలో కంపోజ్ చేసినది కంటికి తెలుగే గాని కంప్యూటర్‌కు తెలుగు కాదు. అందులో పదం వెతికితే దొరకదు. యూనికోడ్‌లో రాసినా కొన్ని పనిముట్లు ఒత్తులను విడదీసి పడేస్తాయి. కొన్ని తయారుచేసిన పీడీఎఫ్‌లో చూపుకు సరిగ్గానే ఉన్న మాట కాపీ చేస్తే ముక్కలై వస్తుంది. వెతకడానికి వీల్లేని గైడ్ అవసరమైన క్షణాన అందదు, అంటే సన్నిధి పోయినట్టే. కాబట్టి అమ్మేవారు చూపించే ఇంగ్లిష్ నమూనాతో తృప్తిపడకుండా ఒత్తులు దండిగా ఉన్న తెలుగు పేజీ ఒకటి అందులోకి ఎక్కించి చూడాలి.

ఇక ధర్మానికి సంబంధించిన సంగతులు. కార్మికుల దగ్గర తరతరాలుగా పోగైన పనితనాన్ని సేకరించి నియమాలుగా మార్చే బాధ్యత యాజమాన్యం తీసుకోవాలని ఫ్రెడరిక్ టేలర్ 1911లో వాదించాడు. సిబ్బంది స్క్రీన్‌ను నేపథ్యంలో రికార్డు చేస్తూ గైడ్లు అల్లే పనిముట్లు ఆ వాదనను చివరిదాకా తీసుకెళ్తాయి. పనివాడికి చెప్పకుండా, అతని పేరు పెట్టకుండా అతని నేర్పును తీసుకోవడం అన్యాయం. రికార్డింగ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో అతని చేతిలోనే ఉండాలి. అతని ఎదుట స్క్రీన్ మీద ప్రజల ఆధార్ నంబర్లు, ఖాతాలు, జబ్బుల వివరాలు ఉంటాయన్నది మరవకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక అటువంటి స్క్రీన్‌షాట్ విదేశీ సర్వర్‌కు చేరడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. గైడ్ల కోసం కల్పిత వివరాలతో ఒక నమూనా ఖాతా తెరిచిపెట్టుకోవడమే సరైన పద్ధతి. పాఠాలను బయటికి తీసుకెళ్లే దారి కూడా ముందే చూసుకోవాలి. క్విజ్‌లతో కూడిన పాఠమైతే స్కార్మ్ అనే ప్రామాణిక రూపంలో, రాతైతే మార్క్‌డౌన్‌లోనో హెచ్‌టీఎంఎల్‌లోనో దించుకోవడం కుదరాలి.

ఇన్ని చూసి ఎంచుకున్నా, రైల్ చెప్పిన ఆ మిగులు మిగిలే ఉంటుంది. దాన్ని మోసేది పక్క కుర్చీలో కూర్చునే అనుభవజ్ఞుడే. అందుకే ట్రైనింగ్ బడ్జెట్ అంతా లైసెన్సులకే పోయకుండా, పాత ఉద్యోగి రోజులో కొంతసేపు కొత్తవాడి పక్కన కూర్చోవడాన్ని కూడా డ్యూటీగా లెక్కించాలి.

సంతకం పెట్టే ముందు సంస్థలు ఒక్క పని చేయాలి. ఆఫీసులో రోజూ జరిగే ఒక పనిని ఎంచుకుని, ట్రయల్ వెర్షన్‌తో దానికి తెలుగులో గైడ్ తయారుచేసి, ఆ పని ఎన్నడూ చేయని ఒకరికి ఇవ్వండి. ఎవరూ నోరు మెదపకుండా చూడండి. వారు ఎక్కడ ఆగిపోయారో గుర్తుపెట్టుకుని, ఆ పని రోజూ చేసే ఉద్యోగినే పిలిచి, అక్కడ లేని కారణాన్ని చేర్చమనండి. సాయంత్రంలోగా ఆ ఉద్యోగి ఆ దిద్దుబాటు ముగించగలిగితే ఆ పనిముట్టు కొనండి; లేకపోతే తిప్పి పంపేయండి.